జాబితాలో లేని ఇంటికి సాయం ఎలా చేరుతుంది?

ఆపదలో చేసే సాయం గురించి రెండు ప్రశ్నలు వస్తాయి. ఎంత ఇచ్చారన్నది మొదటిది. ఎవరికి చేరిందన్నది రెండోది. మొదటిదానికి లెక్కల పుస్తకం చూస్తే చాలు. రెండోదానికి జవాబు వెతుక్కోవాలి. కోవిడ్ కాలంలో హాంకాంగ్ ప్రభుత్వం తన అద్దె ఇళ్లవారికి, విద్యార్థులకు చేసిన సాయాన్ని చూస్తే ఈ రెండో ప్రశ్న ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

1953 క్రిస్మస్ రాత్రి హాంకాంగ్‌లోని షెక్ కిప్ మే గుడిసెలు తగలబడి 50 వేలకు పైగా జనం నిలువ నీడ లేనివారయ్యారు. అక్కడి ప్రభుత్వం పెద్ద ఎత్తున అద్దె ఇళ్లు కట్టడం ఆ తరువాతే మొదలైంది. నేడు సుమారు 75 లక్షల జనాభాలో 20 లక్షల మందికి పైగా ఆ ఇళ్లలోనే తక్కువ అద్దెకు ఉంటున్నారు.

ఈ ఇళ్లలో ఉంటున్న తక్కువ ఆదాయం గలవారి ఒక నెల అద్దెను తానే కడతానని ప్రభుత్వం 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించింది. ఇక్కడ గమనించవలసింది పద్ధతి. డబ్బు కిరాయిదారు చేతికి రాదు, ఇంటి యజమాని అయిన గృహనిర్మాణ సంస్థకే వెళుతుంది. కిరాయిదారు ఆ నెల అద్దె కట్టనక్కరలేదు. ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో ముందే రాసి ఉంది కాబట్టి ఇది సాధ్యమైంది.

విద్యార్థుల విషయంలో ఆ జాబితా బడి దగ్గర ఉంది. 2019-20 విద్యా సంవత్సరంలో కిండర్‌గార్టెన్ నుంచి సెకండరీ వరకు ఒక్కొక్కరికి 2,500 హాంకాంగ్ డాలర్లు, ఆదాయంతో పని లేకుండా, కేటాయించారు. మహమ్మారి వచ్చాక మరో 1,000 కలిపారు. అప్పట్లో ఒక హాంకాంగ్ డాలరు మన పది రూపాయలకు కొంచెం తక్కువ.

మరి ఎవరు మిగిలిపోయారు? ఒకే ఫ్లాటును ముక్కలు చేసి అద్దెకిచ్చే ఇరుకు గదుల్లో అక్కడ 2 లక్షల మందికి పైగా ఉంటున్నారు. 2020లో ప్రభుత్వ ఇంటి కోసం సగటున ఐదేళ్లకు పైగా ఎదురుచూడవలసి వచ్చేది. వీరి యజమాని ప్రైవేటు వ్యక్తి, అందుకే అద్దె మాఫీ వీరికి వర్తించలేదు. అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పడేది వీరే. వీరి కోసం ప్రభుత్వం విడిగా ఒక భృతి పెట్టింది గాని, దానికి అర్హత నిరూపించుకోవలసి వచ్చింది.

18 ఏళ్లు నిండిన శాశ్వత నివాసులకు ఇచ్చిన 10,000 డాలర్ల విషయమూ ఇంతే. హాంకాంగ్‌లోని సుమారు 3 లక్షల ముస్లింలలో దాదాపు సగం మంది ఇండోనేషియావారు, ఎక్కువగా ఇళ్లలో పనిచేసే స్త్రీలు. ఎన్నేళ్లు పనిచేసినా వారికి శాశ్వత నివాసం రాదు. కాబట్టి ఆ సొమ్మూ రాలేదు.

మన దగ్గర కూడా అంతే. 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ఆహార భద్రత కార్డుదారులకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ కార్డున్న పేద కుటుంబానికి 1,000 రూపాయలు ఇచ్చింది. వలస కూలీలకు తెలంగాణ విడిగా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చింది గాని, ముందు వారెక్కడున్నారో వెతికి లెక్క రాయవలసి వచ్చింది.

దాతలు దీనినుంచి మూడు విషయాలు గ్రహించవచ్చు. ఒకటి, సాయం ఇచ్చే ముందు ‘ఏ జాబితాలోనూ లేనివారు ఎవరు?’ అని అడగాలి. కార్డున్న ఇంటికే మళ్లీ ఇస్తే, లేని ఇల్లు మళ్లీ ఖాళీగానే ఉంటుంది. రెండు, అద్దె బకాయి యజమానికి, ఫీజు బడికి నేరుగా కట్టి రసీదు తీసుకుంటే సొమ్ము ఆ అవసరానికే చేరుతుంది, చేయిచాచే ఇబ్బందీ తప్పుతుంది. జకాత్ సొమ్మయితే మాత్రం ఆలిములను అడిగి, హక్కుదారుని సమ్మతితో చేయాలి. మూడు, మొహల్లాలో కిరాయికి ఉంటున్న వితంతువులు, రోజుకూలీలు, చదువు ఆగిపోయేలా ఉన్న పిల్లల వివరాలు మామూలు రోజుల్లోనే రాసిపెట్టుకోవాలి, ఆ వివరాలు బయటపెట్టకూడదు.

ఆపద వచ్చాక జాబితా రాయడం మొదలుపెడితే, అది పూర్తయ్యేసరికి ఆ ఇంటి సామాను వీధిలో ఉంటుంది.