క్రిస్మస్ విందులో మీ విస్తరి ఎక్కడ?

పోయిన క్రిస్మస్ నాడు మీరు ఎన్ని గంటలకు అన్నం తిన్నారు? కాస్త గుర్తు చేసుకోండి. మూడింటికా, నాలుగింటికా? కూర్చుని తిన్నారా, లేక గిన్నె అడుగున మిగిలింది పొయ్యి దగ్గరే నిలబడి నోట్లో వేసుకున్నారా? గుర్తు రాకపోయినా ఫరవాలేదు, చాలామందికి గుర్తుండదు. ఎవరు రెండోసారి వడ్డించుకున్నారో, ఎవరి విస్తట్లో ముక్క తక్కువ పడిందో మాత్రం మళ్లీ క్రిస్మస్ వచ్చేదాకా గుర్తుంటుంది కదూ!

మాది తనకల్లు. కదిరి నుంచి మదనపల్లె వెళ్లే దారిలో ఉంటుంది. ఎన్నో ఏళ్లు అనంతపురం జిల్లా అని రాసుకున్నాం, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా అని రాసుకుంటున్నాం. జిల్లా పేరు మారింది గానీ మబ్బుల దారి మారలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన అని లెక్కల్లో ఉంటుంది. ఆ వాన చెనిక్కాయ చేనుకు కావలసినప్పుడు కురవాలని ఎక్కడా రాసి లేదు. పంట చేతికి రాని ఏడు ఈ పక్క మనుషులు బెంగుళూరు బస్సెక్కుతారు. అందుకే మా ఇళ్లల్లో క్రిస్మస్ అంటే కొత్త బట్టలకన్నా, కేకుకన్నా ముందు బస్సు దిగి వచ్చే మనుషులు. 24న వస్తారు, 26న పోతారు. ఆ రెండు రోజులూ ఇంటి ఇల్లాలు వంటింట్లోనే ఉండిపోతే ఎలా చెప్పండి?

ఇది నా తెలివితో చెబుతున్న మాట కాదు. చాలా ఏళ్ల కిందట ఒక క్రిస్మస్‌కు ముప్ఫైమందిని పిలిచాను. బిరియానీ, కోడికూర, మాంసం వేపుడు, వడలు, రెండు రకాల తీపి. తెల్లవారుజామున మూడింటికి లేచాను. ఆరాధనకు పోలేకపోయాను, పాటలు మైకులో వినిపిస్తుంటే ఎర్రగడ్డలు తరుక్కుంటూ కూర్చున్నాను. అందరి భోజనాలూ అయ్యేసరికి సాయంత్రం నాలుగు. గోడకు ఆనుకుని అలాగే నిద్రపోయానట. మా తమ్ముడి దగ్గర బెంగుళూరులో ఉండే అమ్మ కూడా ఆ ఏడు వచ్చింది. మర్నాడు బస్సెక్కుతూ, "రెండు దినాలు ఉంటి. నీతో నాలుగు మాటలు మాట్లాడేకి కాలేదే పాపా" అంది. వచ్చే ఏడు తీరిగ్గా మాట్లాడుకుందాంలేమ్మా అన్నాను. వచ్చే ఏటికి అమ్మ లేదు.

బిరియానీ బాగుందని అందరూ అన్నారు. అమ్మ కూడా అంది.

మధ్యాహ్నం కాదు, సాయంత్రం

ఆ తర్వాత మా ఇంట్లో నేను చేసిన మొదటి మార్పు వంటలో కాదు, గడియారంలో. ఆర్‌.సి.ఎం. వాళ్లకు 24 అర్ధరాత్రి పూజ, మిగతా చాలా చర్చిల్లో 25 ఉదయం ఆరాధన. ఏదైనా సరే, దాని వెనకే మధ్యాహ్నం పెద్ద విందు పెట్టుకుంటే ఇంటావిడకు ఆరాధనైనా పోవాలి, నిద్రైనా పోవాలి. విందును సాయంత్రం ఏడింటికి జరపండి. మధ్యాహ్నం ఇంట్లో వాళ్లకు చిత్రాన్నం, పెరుగన్నం చాలు. నిమ్మకాయ చిత్రాన్నానికి అరగంట పడుతుంది, చెనిగ్గింజలు కాసిని ఎక్కువ వేస్తే పిల్లలు ఇంకేం అడగరు. మా ఆయన మొదట్లో "పండగ పూట చిత్రాన్నమా?" అన్నారు. రెండు ముద్దలు తిన్నాక మాట్లాడలేదు.

సాయంత్రమైతే ఇంకో సౌకర్యం కూడా ఉంది. డిసెంబరులో మా మిట్ట ప్రాంతంలో చీకటి పడగానే చలి మొదలవుతుంది. వాకిట్లో నక్షత్రం వెలిగించి, నాలుగు కట్టెలు మంట వేస్తే మనుషులు వాళ్లంతట వాళ్లే చుట్టూ చేరతారు. అలంకారమంటే అంతే. గుమ్మానికి చామంతి దండ కట్టండి, డిసెంబరు చామంతుల కాలమే కదా. రంగు కాగితాలతో కుస్తీ పట్టే ఓపిక పిల్లలకుంటే వాళ్లకు వదిలేయండి.

ఏం వండాలి?

బిరియానీ వండొద్దని నేననను. ముప్ఫైమందికి దమ్ము పెట్టి, అది మాడుతుందో ముద్దవుతుందో అని గుండె చేత్తో పట్టుకుని కూర్చునే ఆడవాళ్లకు మాత్రం ఇంకో దారి ఉందని చెబుతాను. బెంగుళూరు నుంచి వచ్చిన పిల్లలు అక్కడ బిరియానీ ఏ వీధిలోనైనా తింటారు. వాళ్లకు దొరకనిది సంగటి, నాటుకోడి పులుసు, ఊరిమిండి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించాక పట్నాల్లో సంగటికి ఎక్కడ లేని మర్యాద వచ్చింది. మన జేజిలకు ఈ సంగతి తెలిస్తే నవ్వి ఉండేవాళ్లు.

ఇరవైమందికి నాలుగు కిలోల నాటుకోడి సరిపోతుంది. మధ్యాహ్నం మూడింటికే పొయ్యి మీద పెట్టండి. నాటుకోడి ఉడకడానికి మొండికేస్తుంది, పైగా పులుసు రెండు మూడు గంటలు ఆగితేనే ముక్కకు కారం పడుతుంది. సంగటికి గ్లాసు బియ్యానికి గ్లాసు రాగిపిండి, ఐదు గ్లాసుల నీళ్లు. ఇరవైమందికి ఏడెనిమిది గ్లాసుల బియ్యం వేసుకోండి. బియ్యం మెత్తగా ఉడికాక పిండి పైన పోసి, కలపకుండా మూతపెట్టి సన్నటి సెగ మీద పది నిమిషాలు ఉంచి, తర్వాత కట్టెతో గెలకాలి. ఇక్కడే అసలు కిటుకు. అంత సంగటి గెలకడానికి మీ చేతులు చాలవు. కట్టె తీసుకెళ్లి మీ మరిది చేతికో, కండలు పెంచుతున్న మేనల్లుడి చేతికో ఇవ్వండి. "నీకు చేతనవుతుందా?" అని ఒక్క మాట అంటే చాలు, ఇంకెవరికీ ఇవ్వరు!

కేకు సంగతి కూడా చెప్పుకోవాలి. మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకును 1883లో తలశ్శేరిలో మాంబల్లి బాపు అనే బేకరీ ఆయన ఒక దొర కోసం చేశాడని కేరళవాళ్లు చెప్పుకుంటారు. బేకరీ ఆయన చేసిన వస్తువును బేకరీలోనే కొనుక్కుంటే తప్పేముంది? కదిరిలోనో, మదనపల్లెలోనో తెప్పించుకోండి. కజ్జికాయలు, అత్తిరాసాలు వారం ముందే చేసి డబ్బాలో పోసుకునేవే. ఇక 25వ తేదీన మీరు తీపి వంటకం జోలికి పోనక్కర్లేదు.

అందరి చేతా పితికించండి

ఈ విందుకు అసలు ప్రాణం పితికిపప్పు. అనపకాయ మంచి కాపు మీదుండే కాలం డిసెంబరు, జనవరి. మంచు పడేకొద్దీ కాయకు వాసన వస్తుందని పెద్దవాళ్ల మాట. ఈ కూరలో పని అంతా చేతులతోనే, అదీ కూర్చుని మాట్లాడుకుంటూ చేసే పని.

ఐదు కిలోల కాయలు తెచ్చి 24 సాయంత్రం బస్సు దిగినవాళ్ల ముందు పోయండి. కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, ఒలుస్తూ కూర్చుంటారు. సుమారు రెండు కిలోల గింజలు వస్తాయి. రాత్రంతా నీళ్లలో నాననివ్వండి. 25 మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్లీ అందరినీ చాపల మీద కూర్చోబెట్టి గిన్నెలు మధ్యలో పెట్టండి. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే తొక్క చేతిలో ఉండి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. కొన్ని గిన్నెలో పడతాయి, కొన్ని ఎదుటివాళ్ల మొహం మీద పడతాయి. ఎవరి పప్పు ఎంత దూరం పోయిందని పిల్లలు పందెం వేసుకుంటారు. మగవాళ్లు మొదట పేపరు చదువుతున్నట్లు నటిస్తారు, పది నిమిషాల్లో వాళ్లూ వచ్చి కూర్చుంటారు. ఊళ్లో సంగతులు, పిల్లల చదువులు, ఎవరి బోరు ఎండింది, ఎవరి సంబంధం కుదిరింది, అన్నీ ఆ రెండు గంటల్లో వస్తాయి. మా అమ్మ అడిగిన నాలుగు మాటలు ఇక్కడ దొరికేవని నాకు ఆలస్యంగా తెలిసింది.

కూర చేయడం సులువు. పచ్చి కొబ్బరి ఒక చిప్ప, ధనియాలు నాలుగు చెంచాలు, చెక్క, నాలుగు లవంగాలు, అల్లం ముక్క, ఒక తెల్లగడ్డ, కాసిని గసగసాలు మెత్తగా రుబ్బి పెట్టుకోండి. చెనిక్కాయ నూనెలో ఆవాలు, కరివేపాకు, ఎర్రగడ్డలు వేయించి, అరకిలో టమోటాలు మగ్గాక పసుపు, కారం, రుబ్బిన మసాలా వేసి నూనె తేలేదాకా వేయించాలి. తర్వాత పప్పు, ఉప్పు వేసి మునిగేంత నీళ్లు పోయండి. ఇరవై నిమిషాలు చాలు. కుక్కర్లో మాత్రం పెట్టకండి, అంత కష్టపడి పితికిన పప్పు పిండి అయిపోతుంది. దించేటప్పుడు కొత్తిమీర. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి ఈ కూర పోసుకుని తింటుంటే నాటుకోడి వంక చూడనివాళ్లు కూడా మా ఇంట్లో ఉన్నారు.

ఎవరేం తింటారు?

పక్కింటివాళ్లను, పిల్లల స్నేహితుల ఇళ్లవాళ్లను పిలుస్తారు కదా. డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం. చాలా హిందూ ఇళ్లల్లో నీసు ముట్టరు. శబరిమలలో మండల పూజ డిసెంబరు 26, 27 తేదీల్లో వస్తుంది, అంటే క్రిస్మస్ నాటికి అయ్యప్ప మాల మెడలోనే ఉంటుంది. మాల వేసుకున్నవాళ్లు మనింట్లో భోంచేయరు. "కొంచెమైనా తినన్నా" అని బలవంతపెట్టి ఇబ్బంది పెట్టకండి. అరటిపండ్లు, కమలాలు పళ్లెంలో పెట్టి ఇవ్వండి. కూర్చుని రెండు మాటలు మాట్లాడి వెళతారు. ముస్లిం స్నేహితులను పిలిచి ఉంటే కోడిని వాళ్ల పద్ధతిలో కోయించుకుంటే సరిపోతుంది. పిలిచేటప్పుడే ఆ మాట చెప్పండి, వాళ్లు అడగలేక మొహమాటపడతారు.

పితికిపప్పు ఇక్కడ కూడా ఆదుకుంటుంది. శాకాహారులకని వేరే చిన్న గిన్నెలో ఏదో వండి మూలన పెట్టడం కాదు, అందరూ తినే పెద్ద కూరే వాళ్లదీ అవుతుంది. దాన్ని కోడికన్నా ముందు, వేరే గిన్నెలో, వేరే గంటెతో వండండి. ఆ గంటె పులుసులోకి పోకుండా కాపలా కాసే పని ఒక పెద్దావిడకు అప్పగించండి. మా ఇంట్లో ఆ పని మా అత్తగారిది. ఎవరైనా గంటె మారిస్తే ఇక వాళ్ల పని అయిపోయినట్లే.

వచ్చేవాళ్లు "ఏం తీసుకురమ్మంటావు?" అని అడుగుతారు. "ఏమొద్దులే" అనకండి. భోజనానికి పిలిచి తెమ్మనడం మర్యాదేనా అని మీకు అనిపించవచ్చు. ఏమొద్దన్నా వాళ్లు అరటిపండ్లో బిస్కెట్లో పట్టుకొస్తారు, చివరికి మీ ఇంట్లో నాలుగు డజన్ల అరటిపండ్లు నల్లబడతాయి. "పెరుగు నీది వదినా", "ఊరిమిండి నీ చేత్తోనే చెయ్యక్కా" అని చెప్పండి. చేసినదాన్ని అందరూ మెచ్చుకుంటుంటే ఆ వదిన మొహం చూడండి.

నీళ్ల లెక్క

కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఇల్లైతే ముందు రోజే రెండు డ్రమ్ములు నింపి పెట్టుకోవాలి. ఒకటి వంటకూ తాగడానికీ, ఇంకొకటి చేతులకూ గిన్నెలకూ. మొదటి డ్రమ్ము దగ్గరికి పిల్లలను పోనివ్వకండి. కంచాలు వద్దు. మోదుగాకు విస్తర్లు వేస్తే ఇరవై కంచాలు తోమే నీళ్లు మిగులుతాయి, మీ నడుమూ మిగులుతుంది. చేతులు కడిగే చోటు అరటిచెట్టు దగ్గరో కరివేపాకు చెట్టు దగ్గరో పెట్టండి. సంగటి గిన్నెలో వెంటనే నీళ్లు పోసి వదిలేయండి. ఆ రాత్రి తోమొద్దు.

మీ విస్తరి

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన పని. మన ఇళ్లల్లో మొదటి బంతి మగవాళ్లది, రెండోది పిల్లలది, చివరిది ఆడవాళ్లది. ఇల్లాలు ఆ చివరి బంతిలో కూడా వడ్డిస్తూనే ఉంటుంది. ఒకటే బంతి వేయండి. గిన్నెలన్నీ గోడవార బల్ల మీద పెట్టి ఎవరికి కావలసింది వాళ్లను వడ్డించుకోమనండి. కూర్చున్న చోటి నుంచి లేవలేని పెద్దవాళ్లకు, చిన్నపిల్లలకు ముందే వడ్డించేయండి. విస్తర్లు పరిచేటప్పుడు మొదట మీది పరవండి. ప్రార్థన అయ్యాక మీరూ కూర్చోండి.

అత్తగారు ఏమనుకుంటారో అని భయం కదూ? నాకూ ఉండేది. నేను ఆమె పక్కనే నా విస్తరి వేశాను. "మీరు తినందే నేను తినను, నేను కూర్చోందే మీరు తినొద్దు" అన్నాను. ఆమె కాసేపు నా వంక చూసి, "మా అత్త ఉన్నన్నాళ్లూ నేను ఒక్క పండక్కూ కూర్చోని తినలేదు" అంది. తర్వాత తన విస్తట్లో కోడి ముక్క తీసి నా విస్తట్లో వేసింది. పులుసు చల్లారింది, ఉప్పు కొంచెం ఎక్కువైంది, పెరుగు తెస్తానన్న వదిన మర్చిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

మిగిలిన సంగటిని ముద్దలు చేసి నీళ్లలో వేసి ఉంచండి. 26 ఉదయం బస్సుకు బయల్దేరేవాళ్లకు మజ్జిగలో పిసికి, ఉప్పు వేసి, పక్కన ఎర్రగడ్డ ముక్క, ఊరిమిండి పెట్టి ఇవ్వండి. ఊరిమిండి మిగిలితే చిన్న డబ్బాలో పోసి మూత గట్టిగా బిగించండి. బెంగుళూరు పోయేదాకా సంచిలో నూనె కారకూడదు.