బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంటే నడుము నొప్పి పోతుందా?

ఈ మధ్య చాలా ఇళ్లలో వినిపిస్తున్న మాట ఇది. అమ్మీ రుకూలోకి వంగలేకపోతోంది, కుర్చీ మీదే నమాజ్ చదువుతోంది. డాక్టరేమో ‘ముందు బరువు తగ్గండి’ అంటున్నారు. డైటింగ్ చేస్తే నాలుగు కిలోలు తగ్గి, మళ్లీ ఐదు పెరుగుతున్నాయి. అంతలో చుట్టాల్లో ఎవరో ‘పొట్ట ఆపరేషన్ చేయించండి, నడుము నొప్పి కూడా పోతుంది’ అంటారు. ఇందులో నిజమెంత?

బరువుకూ నడుముకూ సంబంధం

శరీరం పైభాగం బరువంతా మోసేది నడుము దగ్గరున్న ఐదు వెన్నుపూసలు, వాటి మధ్య మెత్తని డిస్కులు. పొట్ట ముందుకు పెరిగేకొద్దీ నడుము లోపలికి వంగుతుంది, వెనుక కండరాలు ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి. పైగా కొవ్వు ఊరికే పడి ఉండదు. శరీరంలో వాపును పెంచే రసాయనాలను వదులుతుంది. అందుకే నొప్పి త్వరగా తగ్గదు.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో దాదాపు 75-80 శాతం తీసేస్తారు. బైపాస్‌లో చిన్న సంచిలా చేసి నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఎక్కువ బరువు మొదటి ఏడాది, ఏడాదిన్నరలోనే తగ్గుతుంది. ఆ తర్వాత చాలామందికి నడుము నొప్పి తగ్గుతుంది, నడక సులువవుతుంది.

కానీ అందరికీ కాదు. అరిగిపోయిన డిస్కు బరువు తగ్గినంత మాత్రాన కొత్తగా మారదు. నరం నొక్కుకుపోతే దాని చికిత్స వేరే. కాబట్టి ముందు నొప్పికి కారణమేంటో తేల్చుకోవాలి. కేవలం నడుము నొప్పి కోసమే ఈ ఆపరేషన్ చేయరు.

ఎవరికి చేస్తారు?

కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. మన దేశంలో సాధారణంగా అది 35 దాటినవారికి, షుగర్, బీపీ లాంటివి ఉంటే 30 దాటినవారికి ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. ఐదు అడుగుల రెండు అంగుళాల మనిషికి 35 అంటే సుమారు 87 కిలోలు.

తర్వాత జాగ్రత్తలే అసలు పని

* బీ12, డీ విటమిన్లు, ఐరన్, కాల్షియం మాత్రలు జీవితాంతం వాడాల్సి రావచ్చు. మానేస్తే ఎముకలు బలహీనపడి, నడుముకు కొత్త సమస్య వస్తుంది.
* బరువుతో పాటు కండ కూడా కరుగుతుంది. గుడ్లు, పప్పు, చికెన్ లాంటి ప్రొటీన్ ఆహారం తినాలి. ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలు, నడక తప్పనిసరి.
* నొప్పి వచ్చిందని మెడికల్ షాపులో డైక్లోఫినాక్, ఇబుప్రొఫెన్ కొని వేసుకోవద్దు. ముఖ్యంగా బైపాస్ అయినవారికి పుండ్లు పడే ప్రమాదం ఉంది.
* నీళ్లు కొంచెం కొంచెంగా, రోజంతా తాగాలి. అందుకే రంజాన్ రోజాల గురించి సర్జన్‌ని ముందే అడగండి.
* ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలి.

కాళ్లు మొద్దుబారుతున్నా, బలం తగ్గుతున్నా, మూత్రం అదుపు తప్పుతున్నా బరువు సంగతి తర్వాత. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఆపరేషన్ నడుము మీది భారం దించుతుంది. ఆ నడుముకు బలం తెచ్చుకునేది మాత్రం తర్వాత మనం తినే తిండి, చేసే కసరత్తే. అమ్మీని ఒంటరిగా పంపకుండా ఇంట్లోవాళ్లు వెంట వెళ్లి, సర్జన్‌తో పాటు ఎముకల డాక్టరునీ అడిగి నిర్ణయం తీసుకోండి.