సరుకు ఒకరి దగ్గర, లెక్క ఇంకొకరి దగ్గర

చూడండర్రా, మన గురజాల రైతు మిర్చి టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి బాండు రాయించుకుంటాడు. అమ్మిపెట్టేది మాత్రం గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారి. అమ్మేవాడి చేతిలో సరుకుండదు, సరుకున్నవాడు బేరం చెయ్యడు. రైతు ధైర్యమంతా అందులోనే ఉంది. మ్యూచువల్ ఫండూ అంతే.

నరసరావుపేటలో ఒక టీచరమ్మ నెలనెలా వెయ్యి రూపాయల సిప్ కడుతోందనుకోండి. ఏ షేరు కొనాలో తేల్చేది ఫండ్ మేనేజరు. కొన్నవి భద్రపరిచేది కస్టోడియన్. ఎవరికెన్ని యూనిట్లున్నాయో రాసేది రిజిస్ట్రారు. మన దేశంలో ఈ రాతపని ప్రధానంగా చేసేవి రెండే: చెన్నైలో క్యామ్స్, హైదరాబాదులో కేఫిన్‌టెక్.

ఇక అసలు లెక్క. ఫండు దగ్గరున్న షేర్లు, నగదు కలిపి 10.05 కోట్లు, ఖర్చులూ బాకీలూ 5 లక్షలు. మిగిలిన 10 కోట్లను 40 లక్షల యూనిట్లతో భాగిస్తే యూనిట్ 25 రూపాయలు. అదే ఎన్‌ఏవీ, ఏ రోజుకారోజు లెక్కగట్టాలి. ఒక కంపెనీ ఒకటికొకటి బోనస్ ఇచ్చిందనుకోండి, షేర్లు రెట్టింపై ధర సగానికి దిగుతుంది. ధర మార్చి షేర్ల సంఖ్య మార్చడం మరిస్తే ఎన్‌ఏవీ ఉత్తపుణ్యానికి పడిపోతుంది. ఆ రోజు అమ్ముకున్నవాడు మునుగుతాడు, కొన్నవాడికి పాతవాళ్ల సొమ్ము చేరుతుంది. అందుకే నాకు షేర్లు కొనేవాళ్లకన్నా ఈ లెక్కలవాళ్లంటేనే ఎక్కువ గౌరవం.

ఈ పనినే బతుకుతెరువుగా చేసుకున్న దేశం లక్సెంబర్గ్. విస్తీర్ణం 2,586 చదరపు కిలోమీటర్లు, మన పల్నాడు జిల్లాలో మూడో వంతుకి కాస్త పైన. జనం ఏడు లక్షలు కూడా లేరు. ఒక దేశంలో అనుమతి పొందిన ఫండును ఐరోపా అంతటా అమ్ముకోవచ్చని 1985లో నియమం వచ్చింది. దాన్ని అందరికన్నా ముందు, 1988లోనే, చట్టం చేసిందీ బుల్లి దేశం. మేనేజర్లు లండన్‌లోనో న్యూయార్క్‌లోనో కూర్చుంటారు, ఫండు రిజిస్ట్రేషన్, కాపలా, లెక్క లక్సెంబర్గ్‌లో. అక్కడి ఫండ్ల ఆస్తి 5 లక్షల కోట్ల యూరోల పైమాటే, ఐరోపాలో మరే దేశానికీ అంత లేదు. మన కంపెనీల షేర్లు కొనే ఫండ్లూ అందులో ఉన్నాయి.

ఇలాంటి పనికి మన హైదరాబాదూ అడ్డాయే. ఫండ్ల కాపలా, లెక్కలు ప్రధాన వ్యాపారంగా ఉన్న బోస్టన్ స్టేట్ స్ట్రీట్‌కి లక్సెంబర్గ్‌లోనూ, హైదరాబాదులోనూ ఆఫీసులున్నాయి. మాచర్లలో బీకాం చదివే పిల్లలెవరైనా ఉంటే, ఫండ్ అకౌంటింగ్ అనే ఉద్యోగం ఒకటుందని చెప్పండి. బోనస్ రోజు లెక్క ఒకటికి రెండుసార్లు చేయించి మరీ పంపండి.