నాలుగు సీట్లుంటే నలుగురు ఎక్కొచ్చా?

మొన్న ఆదివారం పొద్దున డాలస్ నుంచి మనవడు ఫోన్ చేశాడు. పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నాడు, ఇక ఆగడు. "తాతా, దోస్తులం ముగ్గురం కలిసి పాత సెస్నా 172 కొంటున్నం. 1978ది. నాలుగు సీట్లు. అమ్మానాయినలు వస్తే అందరం కలిసి పోవచ్చు."

కట్టంగూర్‌లో కూర్చుంటే నాకు కనిపించేవి విజయవాడ హైవే మీది బస్సులు. కానీ పాత ట్రాక్టర్ల బేరాలు బోలెడు చూశాను, బడిలో భౌతికశాస్త్రం చెప్పాను. "కాయితం, కలం తియ్" అన్నాను.

ఆ విమానం మొత్తం 1,043 కిలోలకు మించి లేవకూడదు. ఖాళీగానే దాదాపు 670 తూగుతుంది. మిగిలింది 373. ట్యాంకుల్లో వాడుకోదగ్గ పెట్రోలు 150 లీటర్లు. పెట్రోలు నీళ్లకంటే తేలిక, లీటరు 720 గ్రాములే. అయినా 108 కిలోలు పోయాయి. చేతిలో 265. ఇప్పుడు మనుషుల్ని ఎక్కించు: మీ నాయిన 85, నువ్వు 78, అమ్మ 65, నీ భార్య 58. మొత్తం 286. ఆవకాయ జాడీ ఇంకా ఎక్కనేలేదు, అప్పుడే 21 కిలోలు ఎక్కువ!

"పెట్రోలు తగ్గిస్తా" అన్నాడు. తగ్గించు. గంటకు 30 లీటర్లు తాగే బండి, అంత దూరమూ తగ్గుతుంది.

పైగా ఎండ. మన బేగంపేట విమానాశ్రయమే చూడు, సముద్రమట్టానికి 531 మీటర్ల ఎత్తులో ఉంది. మే నెలలో 42 డిగ్రీలు కొట్టే మధ్యాహ్నం అక్కడి గాలి ఎంత పలచనవుతుందంటే, విమానానికి 1,600 మీటర్లు దాటిన కొండ మీద ఉన్నట్టే. రెక్కలకు ఊతం తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కు పట్టు తగ్గుతుంది, ఇంజన్‌కు ఊపిరి చాలదు. మూడు దెబ్బలూ ఒకేసారి. డాలస్ ఎండలు మాత్రం తక్కువా?

"గంటల మీటర్ ఎంతుంది?" అనడిగాను. ట్రాక్టర్‌కైనా, విమానానికైనా వయసు గంటల్లోనే. ఆ ఇంజన్‌ను 2,000 గంటలకు పూర్తిగా విప్పి బాగుచేయమని తయారుచేసిన లైకమింగ్ కంపెనీ చెబుతుంది. "900 గంటలే తాతా! నాలుగేండ్ల నుంచి షెడ్డులనే ఉంది" అని మురిసిపోయాడు.

నాకు భయమేసింది అక్కడే. ఆ ఇంజన్‌లో కామ్‌షాఫ్ట్ పైభాగాన ఉంటుంది. నడపకపోతే నూనె కిందికి జారిపోతుంది, తేమ తగిలి కామ్‌కు తుప్పు పడుతుంది. తుప్పు పట్టినదాన్ని తిప్పితే ట్యాపెట్లను ఆకురాయిలా గీకేస్తుంది. వారం వారం ఎగిరిన 1,500 గంటల ఇంజన్‌నే నేనైతే నమ్ముతాను. అమ్మేవాడి మెకానిక్‌ను కాకుండా నీ మెకానిక్‌ను పెట్టి విప్పించమన్నాను. పొలం కొనేముందు ఈసీ తీసినట్టు, దాని మీద అప్పులేమైనా ఉన్నాయేమో ఓక్లహోమా సిటీలోని విమానాల రిజిస్ట్రీలో వెతికించమన్నాను.

"ఇప్పటిదాకా ఎందరితో ఎగిరినవ్?"

కాసేపు ఆగాడు. "ఒక్కడితోనే... ఎక్కువసార్లు నేనొక్కణ్నే."

"మరి అమ్మానాయినలు?"

"ఒకరి తర్వాత ఒకరిని తిప్పుతా. నువ్వెన్ని కిలోలు తాతా?"

సాయంత్రం వడ్ల కాంటా ఎక్కాను. 71. చెప్పులతో కలిపి.