‘రాయల్టీ ఫ్రీ’ సంగీతం: స్వరకర్త హక్కుల స్వరూపం

చిత్రాలకు, ప్రకటనలకు ముందుగానే రూపొందించిన సంగీతాన్ని రుసుముపై అందించే సంస్థలే ప్రొడక్షన్ మ్యూజిక్ లైబ్రరీలు. 1909లో లండన్‌లో స్థాపితమైన డి వోల్ఫ్ వీటిలో తొలితరానిది. నేటి ఆన్‌లైన్ లైబ్రరీలలో స్వరకర్తను తికమకపెట్టే మాట ‘రాయల్టీ ఫ్రీ’. ఒకసారి చెల్లించిన కొనుగోలుదారు, అనుమతించిన పరిధిలో, ప్రతి వినియోగానికీ మళ్లీ చెల్లించనక్కరలేదన్నదే దాని సాధారణార్థం. స్వరకర్తకు ప్రసార రాయల్టీ ఉండదని కాదు. ప్రసారంలో వాడిన సంగీతం క్యూ షీట్‌లో నమోదైతే ఆ రాబడి హక్కుల సంఘం ద్వారా అందవచ్చు. హక్కులన్నిటినీ ఒకేసారి కొనే ఒప్పందాలలో ఈ మార్గం మూసుకుపోగలదు. భారతీయ స్వరకర్త తన సమాన రాయల్టీ హక్కును వారసులకు, కాపీరైట్ సంఘానికి తప్ప ఇతరులకు వదులుకోకుండా 2012 నాటి కాపీరైట్ సవరణ రక్షణ కల్పించింది. ఒప్పందం విదేశీ చట్టానికి లోబడినపుడు ఆ రక్షణ ఎంతవరకు నిలుస్తుందన్నది విచారణీయం. కనుక సంతకానికి ముందు ధరతోపాటు బదిలీ అయ్యే హక్కులనూ, వర్తించే చట్టాన్నీ పరిశీలించడం అవశ్యం.