ఆకాశంలో గవాక్షాలు

రాజుల కోటలు చూడబోయినవారికి ముందుగా కంటికి ఇంపుగా కనిపించేవి గవాక్షాలు. రాజస్థాన్‌లో వీటిని ఝరోకాలంటారు. ఇవి గోడలోనుంచి కాస్త ముందుకు పొడుచుకువచ్చి, పైన కమానుతో, చుట్టూ నగిషీ పనితో ఉంటాయి. అంతఃపురంలోని వారు వాటి వెనక కూర్చుని వీధిలో సాగే ఊరేగింపులు చూసేవారు. అటువంటి గవాక్షాలు 1971 లో ఆకాశానికి ఎగిరాయి!

ఆ ఏడు ఎయిర్ ఇండియా సంస్థకు మొదటి బోయింగ్ 747 విమానం వచ్చింది. దాని పొడవు 231 అడుగులు. ఒక రెక్క కొసనుంచి రెండో రెక్క కొసకు 195 అడుగులు. దానికి అశోక చక్రవర్తి పేరు పెట్టారు. తరవాత వచ్చిన వాటికి కూడా చక్రవర్తుల పేర్లే. అక్బరు, కనిష్కుడు, రాజేంద్ర చోళుడు, మన శ్రీకృష్ణదేవరాయలు, అందరూ ఆకాశమార్గాన తిరిగారు.

ఈ విమానాల పక్కన బారుగా ఉన్న కిటికీలలో ఒక్కొక్కదాని చుట్టూ ఎర్రరంగుతో ఒక గవాక్షం బొమ్మ వేశారు. దూరంనుంచి చూస్తే రాజభవనానికి రెక్కలు వచ్చినట్టుండేది. ఇది ఆకాశంలో రాజభవనమని ఆ సంస్థవారు ప్రకటనలు కూడా చేశారు.

మరి రాజభవనం అన్నప్పుడు నిజంగానే పెద్ద పెద్ద గవాక్షాలు పెట్టవచ్చు గదా, బొమ్మలు గియ్యటం దేనికి? ఇది తెలియాలంటే మనం కొంచెం వెనక్కు వెళ్ళాలి.

1932 అక్టోబరు 15 న జె.ఆర్.డి. టాటా ఒక్క ఇంజను గల పుస్ మాత్ అనే చిన్న విమానాన్ని తానే నడుపుకుంటూ, టపా సంచులతో కరాచీనుంచి బయలుదేరాడు. మధ్యలో అహ్మదాబాదులో దిగి, బొంబాయి చేరాడు. అక్కడినుంచి నెవిల్ విన్సెంట్ అనే ఆయన టపాను బళ్ళారిమీదుగా మద్రాసుకు తీసుకుపోయాడు. ఆ విమానానికి హంగులేమీ లేవు. మెత్తని కుర్చీ కావాలని ఉత్తరాలు అడగవు గదా!

మనుషులు ఎక్కటం మొదలుపెట్టాక సంగతి మారింది. 1946 లో ఈ సంస్థకు ఎయిర్ ఇండియా అనే పేరు వచ్చింది. ఆ ఏడే, అందులో పనిచేసే బాబీ కూకా అనే ఆయనా, ఉమేశ్ రావు అనే చిత్రకారుడూ కలిసి ఒక బొమ్మను సృష్టించారు. పెద్ద తలపాగా, మెలితిరిగిన మీసాలు, ఎర్రని అంగరఖా, గుండెమీద చెయ్యి పెట్టుకుని వినయంగా వంగిన నడుము. ఈయనే మహారాజా. మామూలు మహారాజులకు అందరూ వంగి దండాలు పెడతారు. ఈ మహారాజా మాత్రం అందరికీ తానే వంగి దండం పెడతాడు! అందుకే జనానికి ఈయన నచ్చాడు. ఏ దేశానికి సంబంధించిన ప్రకటనలో ఆ దేశపు వేషం వేసుకుని నవ్వించేవాడు.

1960 లో ఎయిర్ ఇండియాకు బోయింగ్ 707 జెట్ విమానాలు వచ్చాయి. మొదటిదాని పేరు గౌరీశంకర్. ఇవి గంటకు సుమారు 550 మైళ్ళ వేగంతో, 35,000 అడుగుల ఎత్తున పోగలవు. ఆ ఎత్తున గాలి చాలా పలచగా ఉంటుంది. నేలమీద మనల్ని నొక్కే గాలిలో అక్కడ ఉండేది పావువంతే. చలి కూడా భయంకరం. నీరు గడ్డకట్టే స్థితికన్నా 50 డిగ్రీలు తక్కువ. అక్కడ మామూలు మనిషి కొద్ది నిమిషాలు కూడా తెలివిగా ఉండలేడు.

అందుచేత విమానం లోపలికి గాలిని బలవంతంగా ఎక్కించి, అక్కడ మనుషులకు సరిపడే ఒత్తిడిని నిలుపుతారు. అంటే ఆకాశంలో ఎగిరే విమానం గాలి నింపిన బంతి లాంటిదన్నమాట. లోపలి గాలి ప్రతి చదరపు అంగుళాన్నీ సుమారు 8 పౌన్ల బలంతో బయటికి నెడుతూ ఉంటుంది. 8 పౌన్లేగా అనుకోకండి. 10 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు గల కిటికీ ఉన్నదనుకోండి. లెక్క వెయ్యండి: 150 చదరపు అంగుళాలు, ఒక్కొక్కదానిమీద 8 పౌన్లు, మొత్తం 1,200 పౌన్లు! అర టన్నుకు పైమాటే. ఆ చిన్న కిటికీమీద అయిదు బస్తాల బియ్యం పెట్టినంత బరువు పడుతుంది. కోటలో ఉన్నంత పెద్ద గవాక్షం పెడితే దానిమీద ఎన్ని బస్తాలు పడతాయో మీరే ఊహించుకోండి.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. విమానం ఎగిరిన ప్రతిసారీ ఈ బంతి ఉబ్బుతుంది, దిగిన ప్రతిసారీ తగ్గుతుంది. తీగను అటూ ఇటూ పదేపదే వంచితే చివరకు తెగిపోతుంది గదా. లోహానికి కూడా అలాంటి అలసట ఉన్నది. ఈ సంగతి ప్రపంచానికి చాలా బాధ కలిగించి తెలియవచ్చింది. ఇంగ్లండులో తయారైన కామెట్ అనే జెట్ విమానం 1952 నుంచి ప్రయాణీకులను తీసుకుపోసాగింది. 1954 లో రెండు కామెట్లు గాలిలోనే విచ్ఛిన్నమై ఇటలీ దగ్గర సముద్రంలో పడ్డాయి. అప్పుడు ఫార్న్‌బరో అనే చోట శాస్త్రజ్ఞులు ఒక కామెట్‌ను పెద్ద నీళ్ళ తొట్టిలో దించి, లోపల నీటి ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ పరీక్షించారు. పాత ప్రయాణాలతో కలుపుకుని సుమారు 3,000 సార్లు ఒత్తిడి పడేసరికి దాని ఒళ్ళు పగిలింది. కిటికీల వంటి రంధ్రాల మూలల దగ్గర ఒత్తిడి ఎక్కువగా చేరి, పగుళ్ళు పుడుతున్నాయని తేలింది.

దీన్ని మీరు ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒకే మాదిరి కాగితపు ముక్కలు రెండు తీసుకోండి. ఒకదాని అంచున మొన తేలేటట్టు గాటు పెట్టండి. రెండోదాని అంచున, అంతే లోతుగా, అర్ధచంద్రాకారంగా కత్తిరించండి. రెంటినీ రెండు కొసలా పట్టుకుని లాగి చూడండి. మొన ఉన్న కాగితం చటుక్కున చిరుగుతుంది. గుండ్రని కోత ఉన్నది ఎక్కువసేపు ఓర్చుకుంటుంది. విమానాల కిటికీలు చిన్నవిగా, మూలలు గుండ్రంగా ఉండటానికి కారణం ఇదే. కోణాలూ, మొనలూ గల గవాక్షాన్ని విమానంలో కోసి పెట్టటం ప్రమాదం. రంగుతో గియ్యటంలో ప్రమాదం లేదు. కనక చిత్రకారుడు కమాను గీశాడు, ఇంజనీరు కిటికీ మూలలు గుండ్రంగా తీర్చాడు. ఇద్దరి పనీ కలిస్తేనే ఆకాశంలో రాజభవనం సాధ్యమయింది.

అయితే గవాక్షం గీసినంత మాత్రాన రాజభవనం కాదు. బొమ్మ అంటే ప్రయాణీకుడికి ఇచ్చిన మాట. లోపల ఆ మాట నిలబెట్టుకోవాలి. ఈ సంస్థ 1953 లో ప్రభుత్వానిదయినా, 1978 దాకా టాటాయే దానికి అధ్యక్షుడుగా ఉన్నాడు. ఆయన తన విమానాలలో ప్రయాణం చేసేటప్పుడు, టీ రంగు మొదలుకొని కుర్చీ వాలటం దాకా, కనిపించిన లోపాలన్నీ రాసుకుని, వాటిని సరిచెయ్యమని సిబ్బందికి పంపేవాడు.

తరవాతి కాలంలో సంస్థ అప్పులలో పడింది. బయట గవాక్షాలు అలాగే ఉన్నా, లోపల చాలా కుర్చీలు పాతబడ్డాయి. కొన్నిటి ముందు ఉండే తెరలు పనిచెయ్యటం మానేశాయి. మహారాజా ఇంకా వంగి దండం పెడుతూనే ఉన్నాడు గాని, ఆయన ఇచ్చిన మాట చెల్లటం లేదు. 2022 జనవరి 27 న ఎయిర్ ఇండియా మళ్ళీ టాటాల చేతికి వచ్చింది. ఆ సంవత్సరం చివరనే, పాత పెద్ద విమానాల లోపలి భాగాలను 40 కోట్ల డాలర్లతో కొత్తగా చేస్తామని సంస్థ ప్రకటించింది.

2023 ఆగస్టులో కొత్త చిహ్నం వెలువడింది. అది కూడా గవాక్షంనుంచి పుట్టినదే! పూర్తి గవాక్షం కాదు, దాని బంగారు చట్రంలో పైకొస మాత్రమే. విమానం తోకమీద ఎరుపు, వంకాయరంగు, బంగారు రంగు కలిశాయి. ఈ వేషంతో వచ్చిన మొదటి విమానం ఎయిర్‌బస్ ఎ350. అది 2024 జనవరి 22 న బెంగుళూరునుంచి ముంబాయికి ప్రయాణీకులతో మొదటిసారి ఎగిరింది. అందులో 316 మందికి చోటున్నది. తలుపులు గల చిన్న గదుల్లో 28 పడక కుర్చీలు, కాస్త విశాలమైనవి 24, మామూలువి 264.

ఈ విమానంలో అన్నిటికన్నా గొప్ప మార్పు కంటికి కనపడదు. దాని నిర్మాణంలో, బరువు లెక్కన, సగానికి పైగా కార్బన్ నారలు కలిపి చేసిన పదార్థం ఉన్నది. అది తేలిక. లోహంలాగా తుప్పు పట్టదు, త్వరగా అలసిపోదు. అందుచేత లోపల గాలి ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉంచవచ్చు. పాత విమానాలలో కూర్చుంటే 8,000 అడుగుల కొండమీద ఉన్నట్టుండేది. అంటే ఊటీకన్నా కొంచెం ఎత్తు. ఎ350 లో 6,000 అడుగుల కొండమీద ఉన్నట్టుంటుంది. గాలి అంత పొడిగా కూడా ఉండదు. కనక గొంతు అంతగా ఎండదు, దిగేసరికి అలసట తక్కువ.

విమానం లోపల ఏది పెట్టాలన్నా మరొక నిబంధన ఉన్నది. సగం ద్వారాలు మూసుకుపోయినా, లోపలివారంతా 90 సెకన్లలో బయటపడగలగాలి. కుర్చీలు, నడవలు, దీపాలు, అన్నీ దీన్ని దృష్టిలో పెట్టుకునే అమర్చాలి. 2024 జనవరి 2 న టోకియోలో జపాన్ ఎయిర్‌లైన్స్ వారి ఎ350 దిగుతూ, దారిలో ఉన్న తీరరక్షక దళపు విమానాన్ని ఢీకొని అంటుకున్నది. ఆ చిన్న విమానంలోని అయిదుగురు మరణించారు. కాని ఎ350 లోని 379 మందీ బయటపడ్డారు. సిబ్బంది చెప్పిన మాట విని, సామాన్లు వదిలేసి దిగిపోవటమే వారిని కాపాడింది.

ఎయిర్ ఇండియాకు కూడా గొప్ప దుఃఖం కలిగింది. 2025 జూన్ 12 న దాని బోయింగ్ 787 విమానం అహ్మదాబాదులో లేచిన కొద్ది క్షణాలకే కూలింది. లోపల ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారు. నేలమీదివారితో కలిసి 260 మంది పోయారు. అటువంటప్పుడు రంగులూ, చిహ్నాలూ ఎవరినీ ఓదార్చలేవు. ఏం జరిగిందో ఓపికగా తేల్చుకుని, అది మళ్ళీ జరగకుండా చూడటమొక్కటే చెయ్యవలసిన పని. కామెట్ విషయంలో శాస్త్రజ్ఞులు చేసినది అదే. ఈనాడు మనం జెట్ విమానాలలో ఎక్కగలుగుతున్నామంటే అది వారి చలవే.

మీరు ఎప్పుడైనా విమానం ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే, అద్దం అడుగున జాగ్రత్తగా చూడండి. సూదిబెజ్జమంత రంధ్రం ఒకటి కనిపిస్తుంది. కిటికీకి మూడు పలకలుంటాయి. ఈ రంధ్రం నడిమి పలకకు ఉంటుంది. దానిగుండా గాలి అటు వెళ్ళి, లోపలి ఒత్తిడి అంతా బయటి పలకమీద పడేటట్టు చేస్తుంది. ఒకవేళ బయటి పలక పగిలితే, ఆ భారం మోయటానికి నడిమిది సిద్ధంగా ఉంటుంది. బయట గోడమీద ఏ బొమ్మ వేసినా, లోపల మనల్ని కాచేవి ఇటువంటి చిన్న ఏర్పాట్లే.