కోరంగి ఉప్పెన: మూడు లక్షల లెక్క

కాకినాడ నుండి యానాం పోయే బాటలో చొల్లంగి దాటిన తరువాత కోరంగి తగులుతుంది. నేడది మడ అడవులకూ, వాటిని చూడవచ్చే యాత్రికులకూ పేరుపడిన గ్రామం. ఒకనాడు అది గొప్ప రేవు. అక్కడి ఓడలు బంగాళాఖాతం దాటి రంగూను దాకా సాగేవి. బర్మా దేశంలో తెలుగువారిని ఏ జిల్లా వారినైనా సరే "కోరంగీలు" అని పిలిచేవారంటే ఆ రేవుకు ఉండిన ప్రసిద్ధి ఎంతటిదో ఊహించవచ్చు. 1839 నవంబరు 25వ తేదీన వచ్చిన తుఫానులో సముద్రం పొంగి ఆ ప్రాంతాన్ని ముంచివేసింది. ఇంతవరకు వివాదం లేదు.

వివాదం సంఖ్యతో మొదలవుతుంది. ఆ ఉప్పెనలో ఇరవై వేల నావలు నాశనమైనవనీ, మూడు లక్షల మంది మరణించారనీ ప్రపంచ మహావిపత్తుల పట్టికలలో నేటికీ అచ్చవుతున్నది. ఒక పుస్తకం నుండి మరొక పుస్తకానికి, అక్కడి నుండి వార్తాపత్రికలకు, వాటినుండి తరగతి గదికి ఆ సంఖ్య చేరుకున్నది. కాకినాడలోని ఉపాధ్యాయుడు దానిని చెప్పినప్పుడు పిల్లలు నోరు తెరచి వింటారు. అడగవలసిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు: లెక్కించినది ఎవరు? సాంఘిక శాస్త్రాలలో పరిశోధన పద్ధతులనీ, సాంఖ్యకశాస్త్రమనీ రెండు భారమైన పేర్లతో కళాశాలలో ప్రవేశపెట్టే విద్యలో మొదటి పాఠాలన్నీ ఈ ఒక్క సంఖ్యను పరీక్షించడంలోనే ఇమిడి ఉన్నవి.

మన తార్కికులు శబ్దాన్ని ఒక ప్రమాణంగా అంగీకరించారు. అయితే చెప్పినవాడు ఆప్తుడై ఉండాలని నియమం పెట్టారు. ఆప్తుడంటే విషయం యథార్థంగా తెలిసినవాడు, తెలిసినది తెలిసినట్లు చెప్పేవాడు. మూడు లక్షల సంఖ్యను పది గ్రంథాలు చెప్పుచున్నవి కదా, పదిమంది సాక్షులున్నట్లే కదా అని విద్యార్థి అనవచ్చు. ఇక్కడనే సాంఖ్యకశాస్త్రం అడ్డుపడుతుంది. పది పరిశీలనలు పరస్పరం స్వతంత్రమైనవి అయినప్పుడే అవి పది. తొమ్మిది గ్రంథాలు పదవదానిని చూసి వ్రాసినవైతే సాక్షి ఒక్కడే.

సాహిత్య విద్యార్థులకు ఈ సంగతి క్రొత్తది కాదు. ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడు తాళపత్ర ప్రతులను ప్రక్క ప్రక్కన పెట్టి పోల్చుతాడు. సి. పి. బ్రౌను పండితులను కూర్చోబెట్టి చేయించిన పని అదే. రెండు ప్రతులలో సరియైన పాఠం ఒకటిగా ఉన్నంత మాత్రాన ఏమీ తేలదు. సరియైనది ఎక్కడైనా ఒకటిగానే ఉంటుంది. రెండు ప్రతులలోనూ ఒకే చోట ఒకే తప్పు కనబడితే మాత్రం, ఆ రెండూ ఒకే మాతృకనుండి పుట్టినవని పరిష్కర్త గ్రహిస్తాడు. ఇద్దరు వ్రాయసగాళ్ళు వేరు వేరుగా ఒకే తప్పు చేయడం అరుదు.

ఈ సూత్రాన్ని చేతబట్టుకొని కోరంగి నుండి కలకత్తాకు పోవాలి.

1737 అక్టోబరులో హుగ్లీ నది ముఖద్వారం మీద ఘోరమైన తుఫాను వీచింది. మరుసటి సంవత్సరం లండనులోని జెంటిల్మన్స్ మేగజైన్ ఆ వార్తను ప్రకటించింది. అందులో చెప్పిన నష్టమేమిటి? నాశనమైన నావలు ఇరవై వేలు, మరణించినవారు మూడు లక్షలు! కోరంగికి నూరేండ్లు ముందు, వేరొక నది దగ్గర, అవే రెండు సంఖ్యలు జంటగా నిలిచి ఉన్నవి. ఒక సంఖ్య కలిస్తే కాకతాళీయం అనవచ్చు. నావల సంఖ్యా మనుషుల సంఖ్యా రెండూ పొల్లుపోకుండా కలిసినప్పుడు కాకతాళీయమనడం కంటె వలస అనడమే న్యాయం.

ఆ కలకత్తా లెక్కయైనా నిజమా అంటే, అదీ కాదు. భూకంపాల చరిత్రను పరిశోధించే రోజర్ బిల్హామ్ 1994లో ప్రకటించిన వ్యాసంలో ఆనాటి ఈస్టిండియా కంపెనీ కాగితాలను పరీక్షించి చూపారు. అక్కడి ఉద్యోగి నివేదికలో మరణించినవారు మూడు వేలు. నాటి కలకత్తాలో ఉన్న జనమే మూడు లక్షలకు ఎంతో తక్కువ. మూడు వేలకూ మూడు లక్షలకూ మధ్య తేడా సరిగ్గా నూరు రెట్లు. సముద్రం దాటిన వార్త రెండు సున్నలు కూడబెట్టుకొన్నది!

కోరంగి విషయంలో ఇది అనుమాన ప్రమాణమే కాని ప్రత్యక్షం కాదని జాగ్రత్తపరుడైన విద్యార్థి గుర్తించాలి. ఏ రచయిత చేతిలో కలకత్తా అంకెలు కోరంగికి అంటుకొన్నవో ఆ పుట దొరికినప్పుడే వ్యాజ్యం పూర్తిగా తీరుతుంది. గందరగోళానికి మరొక కారణం కూడా లేకపోలేదు. కోరంగిని ముంచిన ఉప్పెన ఒక్కటే కాదు. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు వరుసగా వచ్చి ఊరిని కబళించిన వృత్తాంతాన్ని హెన్రీ పిడింగ్టన్ తన నావికుల గ్రంథంలో చేర్చారు. తుఫానులకు "సైక్లోన్" అనే పేరు పెట్టినది ఆయనే, 1848లో వెలువడిన ఆ గ్రంథంలోనే. ఆ ఉప్పెనలో ఇరవై వేలమంది పోయారని మరొక లెక్క ప్రచారంలో ఉన్నది. మళ్ళీ ఇరవై వేలే! రెండు ఉప్పెనల కథలు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన రచనలకు కొదవలేదు.

పత్రాలు దొరకనివానికి కూడా చేతిలో కాగితమూ పెన్సిలూ ఉంటే చాలు, ఇంకొక పరీక్ష చేయవచ్చు. ఇరవై వేల నావలను ఒకే వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కదానికి పది గజాల చోటు ఇచ్చామనుకొందాం. వరుస రెండు లక్షల గజాలు, అనగా నూట పదమూడు మైళ్ళకు పైగా అవుతుంది. కాకినాడలో మొదలైన వరుస విశాఖపట్నం దాటిపోతుంది. కోరంగి ఎంత గొప్ప రేవైనా అన్ని నావలకు ఆశ్రయమిచ్చే రేవు కాదు. మరొక చిత్రం: మూడు లక్షలను ఇరవై వేలతో భాగిస్తే శేషం లేకుండా పదిహేను వస్తుంది. నావకు పదిహేనుమంది చొప్పున ఎవరో ఇంట కూర్చొని హెచ్చవేసినట్లు లేదా? ఊరిలో ఇండ్లలో నిద్రించినవారి మాట ఆ హెచ్చవేతలో ఎక్కడ?

గుండు సంఖ్యను చూసినప్పుడు అనుమానించడం జనాభా లెక్కల శాస్త్రజ్ఞులకు నిత్యకృత్యం. మన దేశపు జనగణనలలో వయస్సులు సున్నతోనో అయిదుతోనో ముగిసేవారు అసహజంగా గుంపులు కట్టి కనబడతారు. ముప్పై అయిదేండ్ల వారు విస్తారం, ముప్పై నాలుగేండ్ల వారు కొద్ది. మనుషులు అలా పుట్టరు, అలా చెప్పుతారు. "ఉప్పెన నాటికి నాకు నడక వచ్చింది" అని ముసలమ్మ చెప్పే మాట ఆమె చెప్పే సంఖ్యకంటె నమ్మదగినది. అందుకనే గణకులు స్థానిక సంఘటనల జాబితాను దగ్గర పెట్టుకొని వయస్సు కట్టే పద్ధతి వచ్చింది.

ఇక మూడవ పరీక్ష. ఎందరు పోయారన్న ప్రశ్నకు ముందు ఎందరు ఉన్నారన్న ప్రశ్న అడగాలి. భాజకం లేని లవం అర్థహీనం. ఆనకట్టకు పూర్వపు రాజమహేంద్రవరం జిల్లా జనసంఖ్య 1821లో 7,38,308 అనీ, ఇరవై ఏండ్ల తరువాత 5,61,041కి పడిపోయిందనీ కాటన్ చరిత్ర వ్రాసినవారు తరచు ఉదహరిస్తారు. జిల్లా దుర్దశకు ఆ సంఖ్యలనే సాక్ష్యంగా చూపేవారు. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్టకు పూర్వరంగం ఆ దుర్దశయే. రెండు సంఖ్యలకూ తేడా 1,77,267. ఈ ఇరవై ఏండ్లలోనే 1832-33 నాటి నందన కరువు ఉన్నది, కరువు వెంట వచ్చే వ్యాధులు ఉన్నవి, పొట్టకూటికై ఊళ్ళు విడిచినవారు ఉన్నారు, ఉప్పెన కూడా ఉన్నది. ఇన్నింటి మొత్తం నష్టం లక్షా డెబ్బై ఏడు వేలు కాగా, ఒక్క ఉప్పెనలో మూడు లక్షలు పోయినవారెట్లా? మూడు లక్షలంటే 1821 నాటి జిల్లా జనంలో ఐదింట రెండు వంతులు. ఉప్పెన తీరపు గ్రామాలనే ముంచింది కాని రాజమహేంద్రవరాన్ని ముంచలేదు.

ఈ పరీక్ష ఎంత ముచ్చటగా ఉన్నా, అంతటితో చంకలు గుద్దుకొనరాదు. ఆ రెండు సంఖ్యలను కూడా అదే బోనులో నిలబెట్టాలి. మద్రాసు రాజధానిలో ఆధునిక పద్ధతిలో జనగణన జరిగినది 1871లో. అంతకుముందు గ్రామాలలో కరణాలు ఒప్పజెప్పిన సంఖ్యలను కూడి పంపేవారు. లెక్క చెబితే శిస్తు పెరుగుతుందేమోనని రైతుకు భయం. లెక్క కుదిర్చి పంపితే సరిపోతుందని కరణానికి ధీమా. కాబట్టి 5,61,041లోని చివరి 41ని చూసి ఖచ్చితమైన లెక్క అని మురిసిపోవడం అమాయకత్వం. చివరి అంకె దాకా వ్రాసినంత మాత్రాన చివరి మనిషి దాకా లెక్కించినట్లు కాదు. ఐనప్పటికీ, మూడు లక్షల మృతులను నిలబెట్టాలంటే కరణాల లెక్క ఎంత తప్పి ఉండాలో ఆలోచిస్తే, ఆ తప్పు కూడా నమ్మశక్యం కానంత పెద్దది. బలహీనమైన సాక్షి కూడా ఒక్కొక్కప్పుడు బలమైన అబద్ధాన్ని పడగొట్టగలడు.

ఈ విచారణ చూసి, చచ్చినవారి సంఖ్యను తగ్గించడమే పరిశోధకుల పని కాబోలునని ఎవరైనా నొచ్చుకొనవచ్చు. అది నిజం కాదు. 1943 నాటి బెంగాలు కరువును తీసుకొనండి. ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం 1945లో మృతులు పదిహేను లక్షలని తేల్చింది. తరువాతి పరిశోధకుల అంచనాలు ఇరవై లక్షలు దాటి ముప్పై లక్షల వరకు, కొందరివి అంతకు పైకి కూడా పోయినవి. కోరంగిలో పరీక్ష సంఖ్యను దించింది, బెంగాలులో పెంచింది. పరీక్షకు పక్షం లేదు.

ఆ కరువు తరువాత కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పక్షాన మహలనోబిస్, ఆయన సహచరులు చేసిన పని విద్యార్థులు తెలుసుకొనదగినది. కరువు పాలైన ప్రతి ఇంటికీ పోవడం ఎవరికీ సాధ్యం కాదు. కనుక గ్రామాలను ఎన్నుకొని, వాటిలో కుటుంబాలను ఎన్నుకొని ప్రశ్నించారు. అన్నం ఉడికినదీ లేనిదీ ఒక మెతుకు పట్టి చూసే పద్ధతియే ఇది అని మన వారు తేలికగా అంటారు. కాని గరిటెతో కలిపిన అన్నంలోనే ఒక మెతుకు తక్కినవాటికి ప్రతినిధి. సమాజాన్ని కలిపే గరిటె లేదు కాబట్టి, ఎన్నికను అదృష్టానికి, అనగా చీటీకి, వదలివేయాలి. పరిశోధకుడు తనకు నచ్చిన ఇంటినీ, బాటప్రక్కన అందుబాటులో ఉన్న ఇంటినీ ఎన్నుకొంటే అది మెతుకు కాదు, మాడు. ఆ సంస్థలోనే 1941లో చేరిన మన కల్యంపూడి రాధాకృష్ణారావు, వాల్తేరు విశ్వవిద్యాలయంలో గణితం చదివినవారు, ఎంత నేర్పుతో కట్టిన అంచనాలోనైనా పొరపాటు ఒక హద్దుకు దిగువకు పోదని 1945లో నిరూపించారు. 2023లో, నూట రెండేండ్ల వయస్సులో ఆయన కన్నుమూసేనాటికి ఆ ఫలితం ఆయన పేరుతోనే ప్రపంచమంతటా పాఠమైనది.

ఈ పద్ధతులను అభ్యసించదలచిన కాకినాడ విద్యార్థికి 1839 దాకా పోనక్కరలేదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫానును చూసినవారు నేటికీ ఊళ్ళలో ఉన్నారు. ఆ తుఫాను నష్టాన్ని చెప్పేటప్పుడు అధికారులు రెండు సంఖ్యలు వాడారు: మృతులు సుమారు వెయ్యి, గల్లంతైనవారు వెయ్యికి పైగా. వేటకు పోయి తిరిగిరాని బెస్తవాడు ఏ గడిలోకి వస్తాడు? శవం దొరకలేదు కాబట్టి మొదటి గడిలో లేడు. 2024 వరకు అమలులో ఉండిన 1872 నాటి సాక్ష్య చట్టం ప్రకారం ఏడేండ్లు ఆచూకీ లేనివానిని మరణించినట్లు భావించే వీలుండేది. అనగా అదే తుఫానుకు అదే సంవత్సరం చెప్పిన సంఖ్య ఒకటి, ఏడేండ్ల తరువాత చెప్పవలసిన సంఖ్య మరొకటి. గడులకు నిర్వచనం చెప్పకుండా సంఖ్యను మాత్రం వల్లించేవారు ఈ రెండింటిలో దేనినైనా వాడుకొనవచ్చు, వాడుకొంటున్నారు కూడా.

ప్రశ్నావళి వ్రాయడంలో ఉన్న కష్టం ఇక్కడ తెలిసివస్తుంది. "ఆ తుఫానులో మీ ఊరిలో ఎందరు చనిపోయారు?" అని అడిగితే రచ్చబండ దగ్గర విన్న గుండు సంఖ్యయే జవాబుగా వస్తుంది. "ఆ రాత్రి మీ ఇంట ఎందరున్నారు? తెల్లవారి ఎందరున్నారు?" అని అడిగితే ఒక్కొక్క పేరూ వేళ్ళ మీద ఎంచి చెప్పుతారు. ఐతే ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినది మిగిలి ఉన్న ఇల్లే. ఇంటిల్లిపాదీ కొట్టుకొనిపోయిన చోట తలుపు తట్టడానికి తలుపే ఉండదు, చీటీలలో ఆ ఇంటి పేరూ రాదు. కనుక ప్రతి ఇంటి దగ్గరా మూడవ ప్రశ్న ఒకటి చేర్చవలసి ఉంటుంది: "అప్పుడు మీకు ప్రక్కన ఎవరి ఇల్లు ఉండేది?"